మొండయ్యకు దక్కిన వాటా

దక్షిణ అమెరికాలో సగం జిల్లాలు ఒక పార్టీకి, సగం ఇంకో పార్టీకి చెందిన ఒక దేశంలో, నేల కింది గ్యాసును జనానికి న్యాయంగా ఎలా పంచుతున్నారో పది రోజులు కళ్లారా చూసి వచ్చిన ఎమ్మెల్యే రామలింగం గారు, ఇకపై మన ఇసుకనూ అలాగే పంచుతామని వరంగల్‌లో ప్రకటించారు. అక్కడ గ్యాసు చివరికి ఎవరికి అందిందో కనుక్కునేలోపే ఫ్లైట్ టైమైందట. అయినా మోడల్ అర్థమైంది.

ఆ పంపకం మీద పెట్టిన సదస్సుకు ఒక లబ్ధిదారుడు కావలసి వచ్చాడు. ఏటూరునాగారం అవతలి గూడెంలో మొండయ్య దొరికాడు. వాగు అతని ఇంటి వెనకే. లారీలు రోజూ అందులోంచే ఇసుక నింపుకుపోతాయి. మొండయ్య ఒక్కసారి ఎడ్లబండి తోలుకెళ్తే కేసు పెట్టి, ఎడ్లను మూడు రోజులు స్టేషన్‌లో కట్టేశారు. ఇసుక లేక నడుమెత్తున ఆగిన ఇంటి గోడలు రెండు వానాకాలాలుగా నానుతున్నాయి.

"వానలు పడకముందే రెండు ట్రాక్టర్ల ఉసికె ఇప్పియ్యున్రి సారూ," అన్నాడు.

"ఫికర్ చెయ్యకు కాకా," అన్నాడు ఎమ్మెల్యే పీఏ సాయికిరణ్. "స్టేజీ మీద కూసో. మాట్లాడే పని మాత్రం పెట్టుకోకు."

కొత్తవాడలో నేసిన జంపఖానాల మీద సభ నిండుగా కూర్చుంది. ఎమ్మెల్యే ఉపన్యాసం మధ్యలో, అదే పార్టీలో అవతలి వర్గం నాయకుడు సుందర్ రావు లేచాడు.

"అన్నా, పంచుడు మంచిదే. ఎవలకు పంచుతున్నవ్?"

"తమ్మీ, వాగుకు రెండు ఒడ్లున్నయ్. మనం ఇద్దరమున్నం."

ఇద్దరూ కౌగిలించుకున్నారు. అంతర్జాతీయ సమస్య పది నిమిషాల్లో తేలిపోయింది. మొండయ్య ఇల్లు ఏ ఒడ్డు కిందికి వస్తుందో ఎవరూ అడగకపోవడంతో సభ వివాదం లేకుండా ముగిసింది.

తర్వాత మొండయ్యకు శాలువా కప్పి, వాగు ఇసుక నింపిన గాజు సీసా బహూకరించారు. సీసా మీద 'ప్రజల సంపద ప్రజలకే' అని ఇత్తడి రేకు. ఫొటో కోసం దాన్ని ఏడుగురు పట్టుకున్నారు. ఎనిమిదో చెయ్యికి చోటు లేక మొండయ్య పక్కన నిలబడ్డాడు.

సాయంత్రం చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆగింది. కానిస్టేబుల్ సీసా ఎత్తి చూశాడు.

"ఉసికెకు వేబిల్లేది?"

మొండయ్య ఇత్తడి రేకు చూపించాడు. కానిస్టేబుల్ శ్రద్ధగా చదివాడు. పర్మిట్ నంబరు లేదు.

"సీసా నీదే, ఉంచుకో పెద్దాయన. ఉసికె గవర్నమెంటుది."

ఎదురుగా నిండు లారీ ఒకటి గేటు కోసం ఆగి ఉంది. కానిస్టేబుల్ సీసాతో దాని టైరెక్కాడు.

"మీది ఏ ఒడ్డు?" అని డ్రైవర్‌ను అడిగాడు.

"ఇవతలొడ్డు సార్."

సీసాలోని ఇసుకలో సగం ఆ లారీ మీద పోశాడు. మిగిలిన సగం కోసం, అవతలి ఒడ్డు లారీ వచ్చేదాకా బస్సును ఆపాడు.