అద్దాల తొట్టి, గుడ్డల టబ్బు

"హాల్లో బ్యాక్టీరియాని పెంచుతావా? అది తొట్టి దిగి మంచాల కిందికి పాకితే?"

పొద్దున్నే ఏడున్నరకి అమ్మకి పుట్టిన అనుమానం ఇది.  కూతురు డ్రాపరు పట్టుకుని కొత్త అద్దాల తొట్టిలోకి చుక్కలు లెక్కపెడుతోంది. కళ్ళద్దాల దుకాణంలో రోజంతా జనం చూపు కొలిచే పిల్ల, కొలతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఊరుకోదు. ఆఖరి చుక్క వేసి తల్లి వంక తిరిగింది.

"చేపల్ని ముందే వేస్తే వాటి మలంలోంచి పుట్టే అమ్మోనియాకి అవే చస్తాయమ్మా. దాన్ని తినే బ్యాక్టీరియా స్పాంజిలో పెరగాలి. అందుకే చేపలు లేకుండా నేనే రోజూ అమ్మోనియా వేస్తున్నా. అయిదు వారాలు పడుతుంది. దీన్నే ట్యాంకు సైకిలవ్వడం అంటారు. నువ్వు మాత్రం ముట్టుకోకు."

ఆఖరి మాట ఎందుకందో ఇద్దరికీ తెలుసు. రెండేళ్ళ కిందట ఈ ఇంట్లో ఒక గాజు కూజా, అందులో మూడు బంగారు చేపలు ఉండేవి. అవి పస్తులుంటున్నాయేమోనని అమ్మ గంటకోసారి మేత వేసింది. నాలుగో రోజుకి అవి ఆకలిదప్పులు లేని లోకానికి వెళ్ళిపోయాయి. కూతురు పందొమ్మిది రోజులు తల్లితో మాట్లాడలేదు. ఉప్పు కావాలన్నా తండ్రి ద్వారా కబురు పెట్టింది. అలాంటి మౌనం ఇంకోసారి ఇంట్లో అడుగుపెడితే తన గుండె ఆగిపోతుందని అమ్మకి నూటికి నూరుపాళ్ళూ తెలుసు. కాబట్టి ఈసారి చేపల్ని కాపాడి తీరాలి.

అమ్మ చదువు ఏడో తరగతితో ఆగింది. అంత ఉపన్యాసంలోనూ ఆమెకి దక్కినవి రెండే ముక్కలు: బ్యాక్టీరియా, న్యుమోనియా. కూతురు అమ్మోనియా అనే అంది. కానీ అమ్మ చెవులు ఎప్పుడూ పెద్ద జబ్బునే ఎంచుకుంటాయి. కడుపున పుట్టిన పిల్ల రోజుకి నాలుగు చుక్కల న్యుమోనియా నట్టింట్లో పోస్తుంటే ఏ తల్లి చూస్తూ కూర్చుంటుంది?

కూతురు గుమ్మం దాటగానే అమ్మ కొంగు బిగించింది. తొట్టిలో నీళ్ళు చెంబుతో సగానికి తోడి, కాచి చల్లార్చిన నీళ్ళు నింపింది. స్పాంజి వేలికి జిగటగా తగిలింది. దాన్ని తీసేసి, కొత్త స్పాంజి ముక్కని సరిగ్గా అదే కొలతకి కత్తిరించి పెట్టింది. ముప్ఫై ఏళ్ళుగా బట్టలు కుడుతున్న చెయ్యి. ఆ తేడా కనిపెట్టడం చూపు కొలిచేవాళ్ళ తరం కూడా కాదు.

మరి తోడిన నీళ్ళ మాటేమిటి? కాలవలో పోస్తే వీధి వీధంతా మంచాన పడుతుంది. మొక్కలకి పోస్తే, పాపం అవి మాత్రం ఏం చేశాయి? పెరట్లో, ఎన్నిసార్లు బాగుచేయించినా కారే కుళాయి కింద, గుడ్డలు నానబెట్టే పెద్ద టబ్బు బోర్లించి ఉంది. కుట్టబోయే గుడ్డని ముందు అందులో నానబెట్టి ఆరేస్తేనే తర్వాత ముడుచుకోకుండా ఉంటుంది. అమ్మ దాన్ని తిరగేసి ఆ నీళ్ళు పోసింది. రేపు ఎవరైనా అడిగితే చూపించాలి కదా అని జిగట స్పాంజిని కూడా అందులోనే వేసింది. గుడ్డల్ని మాత్రం చిన్న బకెట్లలో విడతలుగా నానబెట్టుకుంది. త్యాగం అంటే మాటలా?

ఇలా అయిదు వారాలు నిర్విఘ్నంగా సాగింది. పొద్దున కూతురు చుక్కలు వేసేది, మధ్యాహ్నం అమ్మ తోడి టబ్బులో పోసి, కొత్త స్పాంజిని వేడినీళ్ళతో కడిగి పెట్టేది, సాయంత్రం కూతురు గాజు గొట్టంలో నీళ్ళు పరీక్షించి మొహం వేలాడేసేది. బ్యాక్టీరియా జాడే లేదు. చుక్కల మందు కల్తీదంది, కుళాయి నీళ్ళు మంచివి కావంది. తండ్రి ఇద్దరి మాటలకీ సమానంగా తలూపి పేపరు తిప్పుకున్నాడు.

కూతురి దిగులు చూడలేక అమ్మ తమ్ముడికి ఫోన్ చేసింది. ఆయనకి సైకిళ్ళ దుకాణం ఉంది.

"సైకిలయితేగానీ చేపలు రావటరా. అయిదు వారాలైంది, సైకిల్ అవ్వట్లేదు. పిల్ల సగమైపోయింది."

అవతల తమ్ముడికి పౌరుషం పొంగింది. దుకాణం నిండా సైకిళ్ళు పెట్టుకుని మేనమామ బతికుండగా, మేనకోడలు ఒక్క సైకిల్ కోసం అయిదు వారాలు చిక్కిపోవడమా? "నేను చూసుకుంటాలే అక్కా" అని ఫోన్ పెట్టేశాడు.

ఆదివారం పొద్దున గుమ్మంలో గంట మోగింది. మేనమామ స్వయంగా బిగించిన నీలం రంగు సైకిలు, దాని ముందు బుట్టలో నీళ్ళ సంచి, సంచిలో ఆరు చేపలు.

"సైకిలూ అయింది, చేపలూ వచ్చాయి. ఇంకేం కావాలే కోడలు పిల్లా?"

కోడలు పిల్ల సంచి వంక, తొట్టి వంక మార్చి మార్చి చూసింది. ఈ నీళ్ళలో వేస్తే సాయంత్రం దాకా కూడా ఉండవని చాలా నెమ్మదిగా చెప్పింది. ఆ నెమ్మదితనానికే అమ్మ ధైర్యం చెదిరిపోయింది. కాచిన నీళ్ళు, కత్తిరించిన స్పాంజి, న్యుమోనియా, అన్నీ ఒకే ఊపిరిలో ఒప్పేసుకుంది. మేనమామ సైకిల్ గంటలో ఏదో లోపం వెతకసాగాడు.

"పాత స్పాంజి ఏది?" కూతురు ఒక్కటే అడిగింది.

అమ్మ పెరటి వైపు వేలు చూపించింది. కూతురు గాజు గొట్టాలు తీసుకుని టబ్బు దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చుంది. ఇక నోరు విప్పలేదు. అమ్మ గుమ్మంలో నిలబడి లెక్క కట్టింది. మూడు చేపలకి పందొమ్మిది రోజులైతే, ఆరింటికి ముప్ఫై ఎనిమిది. ఆకలేస్తోందా అని అడిగింది. జవాబు లేదు. పోనీ తిట్టవే అంది. జవాబు లేదు.

కూతురు ఒకసారి పరీక్షించింది. నమ్మకం కుదరక ఇంకోసారి, ఆపైన మరోసారి. టబ్బులో అమ్మోనియా బొట్టు లేదు. దాన్ని తిని బ్యాక్టీరియా మిగిల్చే నైట్రేటు మాత్రం నిండుగా ఉంది. అయిదు వారాలుగా చెంబులకొద్దీ అందిన మేత, కారే కుళాయి గాలాడించిన నీళ్ళు, ఎవరూ కడగని స్పాంజి. అమ్మ చేతుల మీదుగా, అమ్మకి తెలియకుండా, టబ్బు సైకిలైపోయింది.

కూతురు సంచిని టబ్బులో తేలేసి, కాసేపాగి మూతి విప్పింది. ఆరు చేపలూ జిగట స్పాంజి చుట్టూ సొంతిల్లులా తిరగడం మొదలుపెట్టాయి. అమ్మకి ప్రాణం లేచొచ్చింది. వెంటనే మరో భయం కూడా లేచొచ్చింది.

"మరి రేపు కుట్టాల్సిన గుడ్డలెక్కడ నానబెట్టనే?"

కూతురు చేపల్ని చూసింది. తర్వాత హాల్లో తళతళలాడుతున్న చేపల్లేని తొట్టిని చూసింది.

"అద్దాల తొట్టిలో నానబెట్టు. అయిదు వారాలుగా దాన్ని అందుకేగా కడుగుతున్నావు."