గుండె మగవాళ్ళది, గ్యాసు ఆడవాళ్ళది

ఆడవాళ్ళకు గుండె ఉండదు. ఈ సంగతి వైద్యశాస్త్రం ఇంకా ఒప్పుకోలేదు గానీ, మా చిత్తూరు జిల్లా ఎప్పుడో ఒప్పుకుంది.

కోప్పడకండి. నేను గాలిమాటలు చెప్పే మనిషిని కాను. పుస్తకాలు తిరగేసి, బొమ్మలు చూసి, మా బంధువర్గాన్ని దగ్గర్నుంచి గమనించి మరీ చెబుతున్నాను.

గుండెకు నాలుగు గదులుంటాయట. పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. ఇల్లు కట్టేటప్పుడు ఆడమనిషికంటూ ఒక గది వేయించిన మహానుభావుణ్ణి పాకాల నుంచి పలమనేరు దాకా ఎక్కడైనా చూశారా? వంటిల్లుంది కదా అంటారు. ఇంట్లో ఒక్క గదికి నోచుకోని మనిషికి ఒంట్లో నాలుగు గదులు ఎక్కడినుంచి వస్తాయండీ?

ఇంకా వినండి. మంచి రక్తాన్ని మోసుకుని గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని ఉంది కదా, దాని మొట్టమొదటి కొమ్మలు ఎక్కడికి పోతాయో తెలుసా? తిరిగి గుండెకే! అంటే ఆ మహాతల్లి ముందు తనకు వడ్డించుకుని, తర్వాతే మెదడుకూ కడుపుకూ కాళ్ళకూ పంపుతుంది. ఇంటిల్లిపాదీ తిని చేతులు కడుక్కున్నాక అడుగున మిగిలిన సంగటి గీక్కుని తినే జాతికి ఇలాంటి స్వార్థపు అవయవం ఉందంటే ఎవరు నమ్ముతారు?

గుండె క్షణం తీరిక లేకుండా కొట్టుకుంటుందని తెగ జాలిపడుతుంటారు. శుద్ధ అబద్ధం. కొట్టుకున్న ప్రతిసారీ అది వదులై కాసేపు పడుకుంటుంది. మామూలుగా పని కన్నా ఆ పడకే ఎక్కువ. ఇక దాని కవాటాలు ఒకవైపే తెరుచుకుంటాయి. ఇటునుంచి అటు పోవడమే గానీ, అటునుంచి ఇటు రావడమనేది లేదు.

ఇదంతా చదివినప్పుడు నాకు మా బావ ఆదిమూలం కళ్ళముందు మెదిలాడు. చిత్తూరులో మామిడికాయల మండీ ఆయనది. ఆయన చెప్పింది అందరూ వినాలి, ఎవరు చెప్పిందీ ఆయన వినడు. మా అక్క మునిరత్నమ్మ ఆయన భార్య.

మామిడికాయల సీజను మొదలయ్యే ముందు, ఒక ఆదివారం, బావ రాగిసంగటిలోకి నాటుకోడి పులుసు గట్టిగా పట్టించాడు. సాయంత్రానికి ఛాతీలో మంట. ఇంకేముంది, ఊరు కదిలింది. కారొచ్చింది, కారు వెనక జీపొచ్చింది. మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో దేవుళ్ళ ఫొటోలు వరదలా పారాయి. ఈసీజీ, ఎకో, చివరికి యాంజియోగ్రామ్ కూడా తీశారు. డాక్టరు నవ్వి, గుండె గుండ్రాయిలా ఉంది, ఇది వట్టి గ్యాసు అన్నాడు.

బావకు తల కొట్టేసినట్టయింది.

"నాకు గ్యాసా? నేనేమన్నా ఆడమనిషినా?" అన్నాడు.

పట్టుబట్టి వేలూరు పెద్దాసుపత్రికి పోయాడు. అక్కడా అదే మాట చెప్పారు. తాను భయపడతాడని డాక్టర్లందరూ కూడబలుక్కుని దాస్తున్నారని బావ తేల్చేశాడు. ఆరోజు నుంచి ఆయన గుండె మనిషి. ఇంట్లో మిక్సీ వేయకూడదు, టీవీ పెంచకూడదు, ఆయనకు ఎదురు చెప్పకూడదు. ఇంత గౌరవం తెచ్చిపెట్టే అవయవాన్ని అందరికీ పంచితే దాని విలువేం కాను?

ఆ ఆదివారం రాత్రి ఆయన్ని ఐసీయూలో పెట్టినప్పుడే అక్క కొండకు మొక్కుకుంది. మొగుడు క్షేమంగా ఇంటికొస్తే అలిపిరి నుంచి తిరుమల దాకా ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ నడిచి ఎక్కుతానని.

ఈలోగా అక్కకు దవడ లాగడం మొదలైంది. బిందె ఎత్తితే వీపులో నొప్పి, నాలుగడుగులు వేస్తే ఆయాసం, ఊరికే కూర్చున్నా చెమటలు. చూశారా, ఒక్క నొప్పి కూడా సినిమాల్లో హీరో తండ్రి పట్టుకునే చోట రాలేదు. గుండె లేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

మా గ్రూపులో వైద్యానికి కొదవా? దవడ నొప్పి అనగానే లవంగం పెట్టమన్నారు. వీపు నొప్పి అనగానే నువ్వుల నూనె రుద్దమన్నారు. బావ చెల్లెలు చంద్రకాంతమ్మ స్వయంగా వచ్చి చెయ్యి పట్టుకుని చూసింది.

"ఇది గ్యాసే ఒదినా. వాము నీళ్ళు కాంచుకోని తాగు. తెల్లారేసరికి యాడిదాడ సర్దుకుంటాది" అంది.

అక్క కూతురు లోహిత ఒక్కతే ఎదురు తిరిగింది. "నాయనా, అమ్మకు ఒక ఈసీజీ తీపిద్దాం" అంది.

"మీ యమ్మకేంమే, రాయి మాదిరి ఉండాది. ముందు మొక్కు తీర్చమను. అన్నీ పోతాయి" అన్నాడు బావ.

చూడండి ఎంత మేలో! ఆయన గ్యాసుకు జీపూ, కారూ, రెండు ఊళ్ళ డాక్టర్లూ. ఆమెకు గుప్పెడు వాము. ఆడవాళ్ళకు గుండె లేకుండా చేసి భగవంతుడు ఎన్ని కుటుంబాలను కాపాడుతున్నాడో మనకు అర్థం కాదు.

మొక్కు తీర్చే రోజు బావ బస్సులో కొండకు పోయాడు. గుండె మనిషి కదా, మెట్లెక్కకూడదు. అక్క పసుపు గిన్నె పట్టుకుని మెట్టు మెట్టుకూ వంగుతూ లేస్తూ బయల్దేరింది. వెంట లోహిత. గాలిగోపురం ఇంకా చేరకముందే అక్క మెట్టుమీద కూలబడింది. జాకెట్టంతా చెమటకు తడిసిపోయింది. పెదాలు తెల్లబడ్డాయి.

లోహిత తండ్రికి ఫోన్ చేసింది.

"సోడా తాపు. కొంచింసేపు కూర్చోనీ. మొక్కు నడిమధ్యలో ఇడిచిపెట్టకూడదు, అరిష్టం" అన్నాడు బావ పైనుంచి.

లోహిత ఫోన్ పెట్టేసింది. దారినపోయే భక్తులు నలుగురు దుప్పటి పరిచి అక్కను మోసుకుని కిందికి దించారు. ఎవరో అంబులెన్సు పిలిచారు. ఆ మనుషుల పేర్లు కూడా మాకు తెలియవు.

నేను తిరుపతి ఆస్పత్రికి చేరేసరికి స్టెంట్లు వేసి అక్కను బయటికి తెచ్చారు. ప్రాణం దక్కింది. గుండె కండరం మాత్రం కొంత చచ్చిపోయింది, అది ఇక తిరిగి రాదు అని లేడీ డాక్టరు చెప్పింది. ఎన్నాళ్ళుగా నొప్పి ఉందని అడిగింది.

"మాకు ఒక్క మాటన్నా చెప్పలా మేడమ్" అన్నాడు, అప్పటికి కొండ దిగొచ్చిన బావ.

"చెప్పినాను" అంది అక్క. "అందరికీ చెప్పినాను."

బావ కళ్ళు తుడుచుకున్నాడు. నిజంగానే ఏడ్చాడు, అందులో అబద్ధం లేదు. అక్క మంచం పట్టీ పట్టుకుని, "భయపడొద్దు మునిరత్నా. సామికి మొక్కుకున్నాను. నువ్వు లేసి తిరిగితే ఆ మిగిలిన మెట్లు కూడా నీ చేతనే ఎక్కిస్తానని" అన్నాడు.

చంద్రకాంతమ్మ తన అన్న ప్రేమకు మురిసిపోయి ముక్కు చీదింది.

"నువ్వే ఎక్కొచ్చు కదా నాయనా?" అంది లోహిత.

బావ నిజంగా ఆశ్చర్యపోయాడు. "నేనెట్ల ఎక్కేది పాపా? నాకు గుండెకాడ బాగలేదు కదా" అన్నాడు.

నాకు ఆయన్ని ఆ గదిలోనే నాలుగు దులిపేద్దామనిపించింది. అక్క మాత్రం ఆయన్ని చూడలేదు. పక్కన సెలైను సరిచేస్తున్న నర్సు వైపు తల తిప్పింది.

"వీళ్ళను బయటికి పొమ్మనమ్మా. నాకు నొస్తాండాది" అంది.

నర్సు ఎక్కడ అని అడగలేదు, ఏం తిన్నావని అడగలేదు. డాక్టరును పిలిచి, మమ్మల్నందరినీ బయటికి పంపి తలుపేసింది. అక్క నొప్పి అంటే ఒక మనిషి వెంటనే కదలడం నేను చూడటం అదే మొదటిసారి.