రెండు దుర్భిణులు, ఒక ఎర్రగుడ్డ

కళ్ళుంటే చాలు, సముద్రం కనపడుతుందనుకునే అమాయకులు మన దేశంలో ఇంకా ఉన్నారు! పాఠక మహాశయులారా, అద్దం అడ్డం పెట్టుకోకుండా చూసింది అసలు చూపే కాదు. ఆ అద్దం ఎంత నిఖార్సయినదో ఆఫీసువారు తేల్చకముందే చూసెయ్యటం అంతకన్నా పెద్ద తప్పు.

వాకాడుకు తూర్పున, కాలవ దాటాక ఇసకదిబ్బ చాటున ఉన్న ఒక పల్లెలో మాలకొండయ్య ఈ తప్పు ముప్పై ఏళ్ళుగా చేస్తున్నాడు. తెల్లవారగానే దిబ్బ ఎక్కుతాడు. నీళ్ళ రంగు, పక్షుల వాలకం చూసి చేపల గుంపు ఎక్కడుందో పసిగడతాడు. భుజం మీది ఎర్రగుడ్డ తీసి రెండుసార్లు విదిలిస్తాడు. ఆ గుడ్డ ఆడితేనే కింద పడవలు కదులుతాయి, పెద్ద వల పడుతుంది. ఆడకపోతే ఎంత మొనగాడైనా పడవ మీద చెయ్యి వెయ్యడు. అది ఆ పల్లె కట్టుబాటు. ఇంత ముఖ్యమైన పని వట్టి కళ్ళతోనా? రెండో పంచవర్ష ప్రణాళిక నడుస్తున్న రోజుల్లో ఎంత అప్రతిష్ఠ!

అదృష్టం బాగుండి, ఒకానొక ఆఫీసు నుంచి ఇనస్పెక్టరు పద్మనాభయ్య గారు రెండు బైనాక్యులర్లు మెడలో వేసుకుని కాలవ దాటి వచ్చారు. ఒకటి ఏడు-యాభై, రెండోది పది-యాభై. మొదటి అంకె వస్తువు ఎన్ని రెట్లు దగ్గరవుతుందో చెబుతుంది. రెండోది ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. పదిరెట్లది బాగా దగ్గరికి లాగుతుంది గాని చెయ్యి వణికితే లోకమంతా వణుకుతుంది. ఏడురెట్లది నిలకడ గలది గాని అంత దగ్గరికి రాదు. తీరంలోని పల్లెలన్నిటికీ ఏది కొనాలో తేల్చి రిపోర్టు రాయాలి. తేలేవరకు మాలకొండయ్య పక్కన నిలబడి సహకరించాలి.

అప్పటికి ఇరవై రోజులుగా కవళ్ళ చేపల జాడ లేదు. ఒక్క గుంపు వస్తే గాని పల్లెలో పొయ్యి సరిగ్గా వెలగదు. మాలకొండయ్య ప్రాణమంతా నీళ్ళ మీదే ఉంది. కాని శాస్త్రం ముందు ఆకలి ఎంత?

స్పష్టత కొలవాలంటే అక్షరాలు కావాలి. ఇనస్పెక్టరు గారు ఒక పేపరు కాగితాన్ని రెండువందల గజాల దూరాన తాటిచెట్టుకు మేకులతో కొట్టించారు. సముద్రంలో మేకు దిగదు గనక పడమటి వైపు చెట్టే గతి అయింది. ఆ విధంగా విజ్ఞానమంతా సముద్రానికి వీపు తిప్పి నిలబడింది.

"అక్షరం అంచు గీత గీసినట్టుందా, అలికినట్టుందా? చెప్పవయ్యా!"

"నాకు సదువు రాదు సామీ. చేపలైతే చెప్తా."

'పరిశీలకుడి చూపు సంతృప్తికరంగా లేదు' అని డైరీలో ఎక్కింది.

పోతే, ఉప్పుగాలికి అద్దాలు మసకబారతాయి. తుడవటానికి ఆఫీసువారిచ్చిన ఫ్లానెల్ ముక్క బీరువాలో ఉండిపోయింది. తాళంచెవి గుమాస్తా దగ్గర, గుమాస్తా సెలవు మీద కావలిలో! ఇనస్పెక్టరు గారి కన్ను మాలకొండయ్య భుజం మీద పడింది. ఎర్రగుడ్డ తీసుకుని అద్దాలు శుభ్రంగా తుడిచి, ఇసక రాలేట్టు గట్టిగా విదిలించారు. రెండుసార్లు!

కింద నలభైమంది పరుగు తీశారు. పడవలు దిగాయి. మూడు గంటలు లాగితే వల నిండా నాచు, ఒక తెగిన చెప్పు.

"ఏంది మాలకొండన్నా, కళ్ళు పొయినాయా నీకు?" అన్నాడు పెద్ద వల నడిపే ముత్యాలయ్య.

మాలకొండయ్యకు తల కొట్టేసినట్టయింది. ఆ గుడ్డ వదిలెయ్యమని ఇనస్పెక్టరు గారిని బతిమాలాడు. "గుడ్డలో ఏముందయ్యా, అద్దం ముఖ్యం గాని!" అన్నారాయన. మర్నాడూ తుడిచారు, విదిలించారు. పడవలు మళ్ళీ దిగి మళ్ళీ నాచు తెచ్చాయి. మూడోనాడు ఒక్కరూ కదల్లేదు. "సారు అద్దాలు తుడస్తా ఉండాడులే" అనుకున్నారు. చూశారా! చదువులేని జనం సైతం శాస్త్రీయ పద్ధతులను ఎంత చప్పున ఒంటబట్టించుకున్నారో!

ఐదోనాడు మాలకొండయ్య ఉండబట్టలేక వెనక్కి తిరిగాడు. నీళ్ళు నల్లబడి ఉన్నాయి. పక్షులు మీదపడి పొడుస్తున్నాయి. కవళ్ళు! ఇనస్పెక్టరు గారి చేతిలోని గుడ్డ లాక్కుని చెయ్యి పడిపోయేదాకా విదిలించాడు. కింద ముత్యాలయ్య తలెత్తి చూసి, నవ్వి, మళ్ళీ వల కుట్టుకోసాగాడు.

"ఒరే, గుంపురా! కవళ్ళ గుంపురా!"

గాలి ఎదురు. పడుతూ లేస్తూ దిబ్బ దిగి వాళ్ళను లేపేసరికి ఆ నలుపు ఉత్తరానికి సాగిపోయింది. ఉత్తరాన ఉన్న పల్లెకు ఇంకా దుర్భిణులు రాలేదు. పాపం, వెనకబడినవాళ్ళు! వట్టి కళ్ళతో చూశారు, వట్టి గుడ్డ ఊపారు, వల వేశారు.

పరుగులో జారిపోయిన ఎర్రగుడ్డ కోసం మధ్యాహ్నం మాలకొండయ్య మళ్ళీ దిబ్బ ఎక్కితే ఇనస్పెక్టరు గారు మహా ఉత్సాహంగా ఉన్నారు.

"అక్షరాలు రావన్నావుగా? అదిగో, నీ చేపలే! ఇప్పుడు చెప్పు, ఏది మేలు?"

మాలకొండయ్య మొదటిసారి దుర్భిణి కళ్ళకు ఆనించాడు. పక్క పల్లె వల మిలమిలలాడుతూ ఒడ్డుకు వస్తోంది. వల చుట్టూ ఆ పల్లె ఆడవాళ్ళు. వాళ్ళకు కాస్త ఎడంగా, ఖాళీ గంప చంకన పెట్టుకుని, ఎవరైనా పిలుస్తారేమోనని చూస్తూ ఒకామె నిలబడి ఉంది. ఆమె కామమ్మ, అతని భార్య.

రెండు దుర్భిణులూ మార్చి మార్చి చూశాడు.

"ఏడుదాంట్లో మా ఆడమనిషి గంప బట్టుకోని నిలబడుండేది అవుపడతా ఉండాది సామీ. పదిదాంట్లో ఆమె మొగం గూడా అవుపడతా ఉండాది." దుర్భిణి తిరిగి ఇచ్చేశాడు. "మాకు ఏడుదే ఇయ్యండి."

ఇనస్పెక్టరు గారు సంతోషంగా రిపోర్టు ముగించారు. 'పది-యాభై అన్ని విధాలా మేలు. అంత దూరాన మనిషి ముఖం సైతం స్పష్టం.'