తాతమ్మ తెచ్చిన జ్వరం

బుధవారం పొద్దున్న తాతమ్మ కాఫీ గ్లాసు కడిగి బోర్లించి, ఈ రోజుకి పనులు రెండే అనుకుంది. ఒకటి, పెరట్లో చిక్కుడుకాయలు కోయడం. రెండు, నాగవేణికీ ఏసుమణికీ మాటలు కలపడం. చిక్కుడుకాయలకే ఎక్కువసేపు పడుతుందని ఆమె నమ్మకం.

అలా నమ్మడంలో తప్పేమీ లేదు. చోడవరంలో ఆ వీధి ఆడవాళ్ళ మాటపట్టింపులు నలభై ఏళ్ళుగా తీర్చేది ఆమే. మగవాళ్ళ తగవులు కూడా పెద్దమనుషుల దగ్గరికి వెళ్ళి, అక్కడ ఇంతకింత అయి, చివరికి ఆమె అరుగు మీదికే వచ్చేవి. ఆమె పద్ధతి ఒక్కటే. ఆవిడ నీకోసం ఏడుస్తోందని ఈవిడతో అనడం, ఈవిడ ఏడుస్తోందని ఆవిడతో అనడం. ఇద్దరూ ఏడుస్తూ ఎదురుపడేవారు. ముందు ఎవరు ఏడ్చారని ఎవరూ అడిగేవారు కారు.

నాగవేణి, ఏసుమణి పక్కపక్క ఇళ్ళవాళ్ళు. పదమూడేళ్ళు ఒకరి కూర ఒకరు తిన్నారు. ఏసుమణి ఇంటి క్రిస్మస్ నక్షత్రం, మేడ ఉంది కదా అని, నాగవేణి ఇంటి మీదే వెలిగేది. ఇప్పుడు ఏసుమణి భర్త మోజెస్‌కి గాజువాకలో ఫ్యాక్టరీ ఉద్యోగం వచ్చింది. శనివారం లారీ వస్తుంది, వాళ్ళు వెళ్ళిపోతారు. ఆ కబురు నాగవేణికి ఏసుమణి నోట తెలియలేదు. పాలకేంద్రం దగ్గర వరసలో నిలబడి ఉంటే ఎవరో చెప్పారు. ఆ రోజే నాగవేణి, "పోతే పోనీ, గోడకి సున్నం ఏయించుకుంటాను" అంది, పక్కింటికి వినబడేలా.

అప్పటినుంచి వారం రోజులుగా మాటల్లేవు. గాజువాక ఎంత దూరం, గంటన్నర బస్సే కదా అంటారు. మొహం చాటేసి వెళ్ళిన మనిషికి ఆ గంటన్నర ఎప్పటికీ కుదరదని తాతమ్మ చాలాసార్లు చూసింది. అందుకే ఏం చేసినా శనివారం లోపే చెయ్యాలి.

ముందు నాగవేణి ఇంటికి వెళ్ళింది. నాగవేణి కుట్టుమిషను తొక్కుతోంది.

"ఒసే, ఏసుమణి నీకోసం ఏడుస్తందే."

"ఏడవనీ. నాకు సెప్పకుండా పోతన్నప్పుడు ఏడుపు రాలేదేటి?"

ఏడుపు చాలలేదని తాతమ్మకి అర్థమైంది. "అన్నం కూడా తినట్లేదే."

"సామాను సర్దుకునేవాళ్ళకి ఆకలేటుంటాది?"

"జొరమే బాబూ! ఒళ్ళు పేలిపోతంది. మంచం దిగట్లేదు."

మిషను ఆగింది. తాతమ్మ కూడా అక్కడ ఆగి ఉంటే బాగుండేది. "మందేటైనా ఏసుకుందా?" అని నాగవేణి అడిగేసరికి, "ఎవరేస్తారే? మోజెస్ గాజువాకలో ఉన్నాడు కదా" అని ఇంకో మాట కలిపింది.

అదే ఊపులో పక్కింటికి వెళ్ళింది. ఏసుమణి అట్టపెట్టెల మధ్య కూర్చుని, ఫోను ఛార్జరు ఏ పెట్టెలో సర్దిందో వెతుక్కుంటోంది. ఫోను నిన్నటినుంచీ ఆగిపోయి ఉంది. ఇక్కడ మళ్ళీ ఏడుపు దగ్గర మొదలుపెట్టడం దండగని తాతమ్మ నేరుగా అసలు మాటకి వచ్చింది.

"నాగవేణి కళ్ళు తిరిగి పడిపోయిందే. బీపీ అంట. నీ పేరే తలస్తంది."

"అయ్యో అత్తా! నేనెల్తే తలుపు తీస్తాదేటి? మొన్న నన్ను సూసి కిటికీ ఏసీసింది."

"తీస్తాది ఎల్లు."

తాతమ్మ తన పెరట్లోకి వచ్చి, వీధి కనబడే దడి మీది చిక్కుడుపాదు దగ్గర నిలబడింది. పావుగంటలో ఇద్దరూ వీధి మధ్యలో పట్టుకుని ఏడుస్తారు, చూద్దామని. బుట్ట సగం నిండింది. ఎవరూ రాలేదు.

ఇద్దరికీ కంగారు పుట్టింది, కానీ పట్టుదల పోలేదు. నాగవేణి తన భర్త రమణమూర్తిని పిలిచి, "ఆటో తెచ్చి ఆవిణ్ణి ఆస్పత్రికి తీసుకెల్లు. నేను పంపేనని సెప్పకు. మోజెస్‌కి ఫోన్ సెయ్యి" అంది. ఏసుమణి వీధి చివరనున్న చర్చి సంఘం పెద్ద సువార్తమ్మకి, నాగవేణి వదిన కోసం ఒకసారి ప్రార్థన చెయ్యమని కబురంపింది.

సువార్తమ్మ ఒక్కతే ప్రార్థన చేసే మనిషి కాదు. తొమ్మిదిమంది తెల్లచీరల ఆడవాళ్ళతో నాగవేణి ఇంట్లోకి వచ్చింది. నాగవేణి వంటింట్లో జ్వరం మనిషి కోసం మిరియాల చారు కాస్తోంది.

"నువ్వు లేవకూడదమ్మా, పడుకో."

"నేనెందుకు పడుకోవాలండీ?"

"కళ్ళు సూడు, ఎలా ఎర్రబడిపోయేయో!"

"మిరియాల ఘాటండీ!"

"బీపీకి మిరియాలేటమ్మా?" అని ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు. ఒకావిడ విసనకర్ర అందుకుంది.

అవతల రమణమూర్తి ఆటో దిగేసరికి ఏసుమణి గ్యాస్ పొయ్యి ఎత్తుకుని వస్తోంది.

"నూట మూడు జొరంతో పొయ్యి మోస్తన్నారేటమ్మా!" అన్నాడతను. నూట మూడని ఎవరూ చెప్పలేదు. ఇంట్లోంచి ఆటో స్టాండుకి వెళ్ళి వచ్చేసరికి అంతైంది.

"జొరం నాకేటి? కళ్ళు తిరిగింది వదినకి కదా!"

"అది మా ఇంట్లో చారు కాస్తంది కదండీ!"

ఏసుమణి పొయ్యి అక్కడే దింపి పరిగెత్తింది. మంచం మీద నుంచి తప్పించుకున్న నాగవేణి గరిటెతో వీధిలోకి వచ్చింది.

"నీకు జొరం లేదేటి?"

"నీకు బీపీ లేదేటి?"

ఇద్దరూ ఒకేసారి దడి వైపు తిరిగి, "అత్తా!" అన్నారు. తాతమ్మ చిక్కుడాకుల్లో తల దాచుకుంది.

తరవాత నవ్వారు. నవ్వుతూనే ఏసుమణి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "సెప్పాలని మూడుసార్లొచ్చేను వదినా. నువ్వు నవ్వుతా ఎదురొస్తే నోరు పెగల్లేదు."

"పెగలకపోతే సైగ సెయ్యాల్సింది. పాలకేంద్రంలో వినాల్సొచ్చింది నాకు" అని నాగవేణి గరిటె పట్టుకునే ఏడ్చింది. సువార్తమ్మ వచ్చిన పని వృథా కాకూడదని ఇద్దరికీ కలిపి ప్రార్థన చేసి వెళ్ళింది.

తాతమ్మని కూడా పిలిచి, మిరియాల చారు ముగ్గురూ తాగారు. శనివారం దాకా ఏసుమణి ఇంట్లో పొయ్యి వెలిగించకూడదని నాగవేణి తీర్మానించింది. రేపు కూర్చుని, ఏసుమణి ఎప్పుడో కుట్టమని ఇచ్చిన రవికెలు రెండూ కుట్టెయ్యాలి. శుక్రవారం బస్సులో మాడుగుల వెళ్ళి, కొత్తింటికి హల్వా తేవాలి. "నీ అబద్ధం మంచిదేలే అత్తా" అని కూడా అంది. తాతమ్మ పొంగిపోయింది.

ఒంటిగంటకి వ్యాను హారను మోగింది. మోజెస్‌కి ఫోన్ చేసిన సంగతి అప్పుడు గానీ ఎవరికీ గుర్తు రాలేదు. మోజెస్ దూకినట్టు దిగాడు. అరుగు మీద గ్లాసు పట్టుకుని నవ్వుతున్న భార్యని చూసి, మెట్టు మీద చతికిలబడ్డాడు.

"నీకు మరేటీ కాలేదా? నీ ఫోన్ కలవలేదు. పెద్దాస్పత్రి దగ్గరుంటే మంచిదని ఈ రోజే తీసుకెల్లిపోదామని వచ్చేను. కొత్తింటి తాళం కూడా అడిగి పుచ్చుకున్నాను."

"శనివారమే ఎల్దురు గాని బాబూ" అంది నాగవేణి.

"శనివారం లారీ వద్దని సెప్పీసేనక్కా. ఈ బండి మా ఫ్యాక్టరీ అతనిది, సాయంత్రానికి ఇచ్చీయాలి. నాకు మళ్ళీ సెలవివ్వరు."

పెట్టెలు ఎక్కించడం మొదలైంది. నాగవేణి కొంగు బిగించి అన్నీ తనే అందించింది. ఒక్క చెయ్యే కుట్టిన రవికెని మడిచి ఏసుమణి సంచిలో పెట్టింది. నాలుగ్గంటలకి వ్యాను మలుపు తిరిగింది. ఏసుమణి చెయ్యి ఊపుతూనే ఉంది, మలుపు దాటాక కూడా ఊపి ఉంటుంది.

"పోన్లేవే, ఇద్దరూ కలిసేరు కదా" అంది తాతమ్మ మెల్లగా.

"మూడు రోజులుండేవత్తా మాకు" అని నాగవేణి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

గురువారం ఆ తలుపు తియ్యలేదు. శుక్రవారం తీసింది గానీ, తాతమ్మని చూసి మళ్ళీ వేసింది. ఎవరో ఒకరు మధ్యకి వెళ్ళి రెండు మంచి మాటలు చెబితే తీరిపోయే తగువే అది. ఆ వీధిలో అలాంటి పని తెలిసిన మనిషి ఒక్కతే ఉంది, ఆవిడతోనే నాగవేణి మాట్లాడడం లేదు.