పేరెత్తకూడని బుట్ట

ఆ ఉదయం ఎవారిస్త్ కెమెనేర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్న భోజనానికి చేపలు వెన్నలో దోరగా వేయించి పెట్టాలి, ఓడల కంపెనీ డైరెక్టరు మనసు కరగాలి, ఓడ బతకాలి. ‘ఒనొరీన్’ ఓడకు ఆయన పెద్ద వంటవాడు. ఫ్రాన్సులోని లె హావ్ర్ నుంచి మెక్సికోలోని వెరాక్రూజ్‌కు ఇరవై రెండేళ్లు తిరిగిన ఓడ అది. నీళ్లు తోసే పక్క చక్రాలు ఊడదీశారు, రెండో పొగగొట్టం పెట్టారు, తెరచాపలు తగ్గించారు. దాని పొయ్యిల ముందే కెమెనేర్ తల నెరిసింది. నేలమీద ఆయనకు వేరే కొంప లేదు. ఆ మధ్యాహ్నమే ఓడను తుక్కు కింద కొనే పాత ఇనుము వ్యాపారి వచ్చి, భోజనం దగ్గరే కొనుగోలు కాగితం మీద సంతకం చేయబోతున్నాడు.

డైరెక్టరు దుప్లెసిల్ పారిస్ నుంచి ఒక మూతబుట్టతో వచ్చాడు. తన భార్య పంపిందనీ, భోజనంలోకి అదే వండమనీ చెప్పి వెళ్లాడు. కెమెనేర్ మూత ఎత్తి చూసి కొయ్యబారిపోయాడు. నేను నేలమీద కూర్చుని రాస్తున్నాను కాబట్టి ఒక్కసారి అనేస్తాను: కుందేళ్లు. మా ఓడల్లోకి వాటిని ఎక్కించరు, పేరు కూడా ఎత్తరు. తాళ్లు కొరికి ఓడను ముంచేస్తాయని మా తాతలు చెప్పారు. ఎవరూ పరీక్షించి చూడలేదు.

కెమెనేర్ సరంగు గోయిక్‌ను పిలిచి బుట్ట చూపించాడు. సరంగు శిలువ గుర్తు వేసుకుని నేరుగా కెప్టెన్ లెస్కోప్ దగ్గరికి పరుగెత్తాడు.

"వంటగదిలో అది ఉందండి. పేరు నా నోటితో చెప్పలేను."

కెప్టెన్‌కు తట్టింది కలరా. కిందటేడు తులోను రేవును ఊడ్చేసిన కలరా పేరు కూడా ఓడలో ఎవరూ ఎత్తరు మరి.

"ఎన్ని?"

"ప్రస్తుతానికి రెండే. దాని సంగతి తమరికి తెలియనిదా, మొదలైతే ఆగదు."

"ఎవరు తెచ్చారు?"

"డైరెక్టరుగారే. పారిస్ నుంచి."

ఆ పొద్దున్నే డైరెక్టరుతో చేయి కలిపిన కెప్టెన్ తన అరచేయి చూసుకుని గబగబా కోటుకు తుడుచుకున్నాడు. అయిదు నిమిషాల్లో ఓడలో అంటురోగం ఉందని తెలిపే పసుపు జెండా ఎగిరింది, డైరెక్టరు గదికి బయట తాళం పడింది. సరిగ్గా అప్పుడే ఇనుము వ్యాపారి రేవులో బండి దిగాడు. జెండా చూశాడు. రోగం ఎవరికని అడిగితే, ఓడ అమ్మేవాడికేనని పైనుంచి ఎవరో చెప్పారు. దిగిన బండి మళ్లీ ఎక్కి, వెనక్కి చూడకుండా పోయాడు.

రేవు డాక్టరు వచ్చి అందరినీ పరీక్షించి, ఓడలో రోగమే లేదన్నాడు. అయినా జెండా ఎగిరాక పది రోజులు ఎవరూ దిగకూడదన్నది రూలు, రూలంటే రూలే అన్నాడు. డైరెక్టరు మూడు రోజులు అరిచాడు. నాలుగో రోజు చేపలు ఇంకొంచెం కావాలన్నాడు.

పదకొండో రోజు కబురొచ్చింది: వ్యాపారి ఇంకో ఓడ కొనేశాడు. డైరెక్టరు మొహం పాలిపోయింది. ఇక చేసేదేముంది, గురువారం ‘ఒనొరీన్’ను వెరాక్రూజ్ పంపమన్నాడు. కెమెనేర్‌కు ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకునేలోపే డైరెక్టరు బుట్ట ఏమైందని అడిగాడు.

కెమెనేర్ బుట్ట తెచ్చి, మూత తీశాడు. పదిరోజుల కిందట రెండున్న చోట తొమ్మిది ఉన్నాయి. కెప్టెన్‌కు అప్పుడు సంగతంతా అర్థమై కుర్చీలో కూలబడ్డాడు. అందరూ సరంగు వైపు చూశారు, సముద్రంలో పారేయమంటాడని. సరంగు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"ఓడను నిలబెట్టినవి ఇవే కదండీ," అన్నాడు చివరికి. "ఉండనివ్వండి."

‘ఒనొరీన్’ ఆ తర్వాత మరో తొమ్మిదేళ్లు తిరిగింది. వంటగది వెనక ఏం పెంచుతున్నారని ఎవరైనా అడిగితే, ఉల్లిపాయలని చెప్పేవారు.