సోమలింగానికి సెకండ్ ముద్ర

నా ఫిర్యాదు సూరత్ బమ్రోలిల ఉండే కనకయ్య మీద. ఆయన మంచోడు కాడని నేను అనను. ఆయన మంచితనం వల్లనే నేను గిట్లయిన. కరోనా రెండో ఏడు, జనమంత ముక్కుకు గుడ్డ కట్టుకోని తిరిగే కాలంల, సూరత్‌ల ఉన్న మన నేతోళ్ల సంఘం తరఫున ఆయన ఆరోగ్య ఉపసంఘం స్థాపించిండు. అధ్యక్షుడు కనకయ్య. కార్యదర్శి కనకయ్య. సభ్యులు జబ్బు చేసినోళ్లు.

ఆయన అర్హత మీద ఎవరికీ అనుమానం రాలేదు. ఇరవై ఏండ్లు ఆయన చేసింది గుడ్డ చూసే పనే. మగ్గం దిగిన తాకాను, అంటే గుడ్డ చుట్టను, బల్ల మీద పరిచి, పోగు తెగిన చోట వేలు పెట్టి చూసి, మంచిగుంటే 'ఫ్రెష్' అనో, తప్పుంటే 'సెకండ్' అనో ముద్ర కొట్టేటోడు. ఒకసారి సెకండ్ పడ్డ తాకా మళ్ల ఫ్రెష్ అయిన చరిత్ర సూరత్‌ల లేదు. కరోనా వచ్చి గుడ్డ తగ్గింది, రిపోర్టులు మొదలైనయి. ఎవరి ఫోన్ల చూసినా నెత్తురు పరీక్షలే, సీఆర్‌పీ, డీ-డైమర్. ముద్ర కొట్టిన చెయ్యి ఊరికే ఉంటదా? కనకయ్య ఒక సూత్రం కనిపెట్టిండు. రిపోర్టుల అంకె సన్నగ అచ్చయితే మనిషి ఫ్రెష్. లావుగ అచ్చయితే సెకండ్. ఏడేండ్లు చదివే డాక్టర్లకు ఇంత సులువైన ముచ్చట ఎందుకు తట్టలేదో దేవునికే ఎరుక.

ఫలితాలు బ్రహ్మాండం. పక్క బస్తీ వడోద్‌ల ఒక పెండ్లిచూపులల్ల జాతకాలు పక్కకు పెట్టి డీ-డైమర్ అడిగిన్రు. రెండు దిక్కుల సన్న అంకెలే. పిలగాడు నచ్చలేదని పిల్ల మొత్తుకుంటే, "నెత్తురు ఒప్పుకున్నది, నడుమ నీదేంది?" అన్నడు మేనమామ.

ఆ ఏడు ఎండకాలంలనే నాకు పచ్చవాతం వచ్చింది. తెగిన పోగుకు ముడి వెయ్యబోతే కుడిచెయ్యి నా మాట వినలేదు. మూతి పక్కకు పోయింది. పక్క మగ్గాలు నడిపే మల్లేష్ ఎవరినీ అడగకుండ నన్ను ఆటోల ఏసుకోని దవాఖానకు ఉరికించిండు. అక్కడ తొడల నుంచి సన్నని తీగ పంపి, తలకాయల అడ్డం పడ్డ నెత్తురు గడ్డను బయటికి గుంజిన్రు. దాన్ని నా పెండ్లాం మంగకు సీసల చూపెట్టిన్రట. "గింతదానికా గంత లొల్లి?" అన్నదట.

మూడో రోజు నెత్తురు పరీక్ష చేసి డాక్టరు చెప్పిండు: "కాకా, నెత్తురుల వాపు గుర్తు జర ఎక్కువుంది. గిట్లున్నోళ్లు నెమ్మదిగ కోలుకుంటరని ఒక అంచనా. అంచనానే, రాత కాదు. కాయితం కన్న నీ చెయ్యి ముఖ్యం. రోజూ కసరత్తు చెయ్యి."

ఇంత పొడుగు మాట ఎవరు మోస్తరు? మంగ రిపోర్టు ఫొటో తీసి సంఘం గ్రూపుల పెట్టింది. డాక్టరు గది దాటకముందే కనకయ్య జవాబు వచ్చింది: 'సెకండ్.'

నేను ఇల్లు చేరిన పదో రోజు సంఘం నా గురించి సభ పెట్టింది. ఆరడుగులకొక కుర్చీ. రెండు కుర్చీలు మా ఇంటివే. నేను ముందు వరుసల కూసున్న. కనకయ్య మైకు పట్టుకున్నడు. "ఇరవై ఎనిమిదేండ్లు మగ్గం నడిపిన మన సోమలింగం ఇగ కోలుకోడు. ఈ మాట నేనంటలేను, ఆయన నెత్తురంటున్నది. ఆయన లేని లోటు సంఘానికి..."

"నేనున్న కద బావా," అన్న.

"ఉన్నవ్. రిపోర్టుల లేవు. కూసో."

రెండు నిమిషాల మౌనం ప్రకటించిన్రు. ఒకటిన్నర నిమిషానికి నాకు దగ్గొచ్చింది. సభ మొత్తం గేటు దిక్కు ఉరికింది. సంతాపం అర నిమిషం బాకీ ఉన్నట్టు మినిట్స్ పుస్తకంల రాసిన్రు.

తిరిగొచ్చినంక రాజనర్సుకు సన్మానం. ఆయనకూ నా లెక్కనే గడ్డ తీసిన్రు, కాని అంకెలన్నీ సన్నగున్నయి. శాలువ కప్పి మైకు ఇస్తే "ఆ... ఆ..." అన్నడు. అంతకు మించి మాట రాదు. సంఘం చరిత్రల ఇంత పొట్టి ప్రసంగం వినలేదని అందరు చప్పట్లు కొట్టిన్రు. "జర మాట వచ్చెదాక ఆగుండ్రి," అని ఆయన భార్య పద్మారాణి బతిమాలింది. "ఫ్రెష్ మాల్ అమ్మా, ఫికర్ చెయ్యకు," అని సోమవారం ఆయనను మగ్గాల మీదికి పంపిన్రు.

నా మగ్గాలు మాత్రం దొరకలేదు. కనకయ్య చిట్టీ లేనిది మగ్గాల సేటు లోపలికి రానియ్యడు. మూడు నెలలు రబ్బరు బంతి పిసికిన, పోగులు ముడేసిన. వెయ్యి ముడులల్ల తొమ్మిదొందలు జారినయి. చివరికి నిలిచింది. మంగను తోలుకోని కనకయ్య ఇంటికి పోయి, జేబులకెళ్లి పోగు తీసి, ఆయన ముందరనే తెంపి, కుడిచేత్తో ఒక్క ఊపిరిల ముడేసిన.

ఆయన భూతద్దం పెట్టి చూసిండు. "ముడి ఫస్టుగున్నది. కాని ముడి రిపోర్టుల రాదు కద, సోమలింగం."

"కొత్త రిపోర్టు తెచ్చిన బావా. అంకె సన్నబడ్డది."

"ముద్ర పడ్డ తాకాను మళ్ల బల్లకెక్కిస్తే బజార్ల నా మొఖం ఎట్ల చూపెట్టాలె?"

"మనిషికి గుడ్డకు తేడా లేదా అన్నా?" అన్నది మంగ.

"ఉన్నది చెల్లె. గుడ్డ ఎదురు మాట్లాడది."

మగ్గం లేకపాయె, దవాఖాన బాకీ ఉండె. కోరుట్ల దిక్కు మా నాయిన ఇచ్చిన చెల్క అమ్మకానికి పెట్టిన. అందరికన్న ముందు ఆదుకున్నది కనకయ్యనే. భూమి పాసుబుక్కుల నా పేరు లావు అక్షరాలల్ల అచ్చయి ఉన్నదని వేలు పెట్టి చూపెట్టి, సెకండ్ మనిషి భూమి సెకండ్ భూమే అని సగం ధర కట్టి తనే కొన్నడు. మండలాఫీసుల సంతకం పెట్టేటప్పుడు నా చెయ్యి వణుకుతదేమోనని ఆఫీసరు అనుమానపడితే, "వణకదు సార్, కుడిచెయ్యి ఫ్రెష్," అని ఆయననే హామీ ఇచ్చిండు.

చదివి నవ్విన్రు కద. చెయ్యి బాగయిందని చెప్పినా, నా అంకె ఎంతనో చెప్పలేదని మీకు ఇందాకటి నుంచి మనసుల పీకుతనే ఉన్నది. దాచను, రాసుకోండ్రి. ఇరవై రెండు.

సీఆర్‌పీ కాదు. పోయిన చెల్క గుంటలు.