తాయారు బావికి డీ నోవో దారి

లోకంలో ‘డీ నోవో’ అంత చల్లని మాట మరొకటి లేదు! కోర్టువాళ్ల లాటిన్ మాట. మళ్లీ మొదటినుంచి అని అర్థం. మనిషికి బాల్యం ఒక్కసారే వచ్చిపోతుంది. కేసుకో? జడ్జి మారినప్పుడల్లా వస్తుంది! ఇంతకన్నా వరం ఏం కావాలి?

నమ్మకపోతే మురుంగపాక్కం తాయారు సంగతి వినండి.

డెబ్బైల్లో మాట. భర్త పోయాక తాయారు పెరట్లో కనకాంబరం తోట వేసుకుని, ఆ పూలమీదే బతికేది. తోటకు నీళ్లు తాతలనాటి బావివి. ఆ బావికి దారి, ఆమె ఇంటికీ పొరుగింటి పట్టాభిరామన్ ఇంటికీ నడుమనున్న సందు. పట్టాభిరామన్ రిటైరైన ఆఫీసరు. తాయారు తిరుపతి పోయి వచ్చేసరికి సందుకు అడ్డంగా గోడ లేచి ఉంది!

“ఏంది సామీ ఇది? నా బావికి నేను యాడనుంచి పోవాల?”

“రోడ్డు మీద చుట్టి పోమ్మా. నడక ఒంటికి మంచిది” అన్నాడాయన, పేపరులోంచి తల ఎత్తకుండా.

నిండు బిందె చంకన పెట్టుకుని ఊరంతా చుట్టి వచ్చేసరికి ఆమె మోకాళ్లు మొరాయించేవి. తోట ఒక్కో వరసే వాడసాగింది. పోలీసులు “సివిల్ మేటర్” అని చేతులు దులుపుకున్నారు. పట్నంలో దొరలనాటి పేట వైట్ టౌన్‌లో ఆఫీసున్న సీతాపతి వకీలు కేసు వేశాడు.

సాక్ష్యానికి కొదవేం లేదు. గోడ కట్టిన మేస్త్రీ ఏలుమలైయే బోనెక్కి, “నేనే కట్టినానయ్యా. అంతకు ముందు ఆడ దారి ఉండేది” అనేశాడు. ఇక తీర్పే తరువాయి అనగా జడ్జిగారికి బదిలీ! కొత్తాయన ఫైలు అటూ ఇటూ తిప్పి, రికార్డు సరిగా లేదని, “డీ నోవో” అన్నాడు.

“గెలిచినామా సార్?” అనడిగింది తాయారు.

“లేదమ్మా. మళ్లీ మొదలు.”

దీనివల్ల ఎన్ని లాభాలో చూడండి! ఏలుమలై సాక్ష్యం ఆవకాయలా ఊరింది. మొదటిసారి రెండు ముక్కలు చెప్పినవాడు, రెండోసారికి గొంతు సవరించుకుని సున్నం కలిపిన తీరు కూడా వర్ణించాడు. గుమాస్తాలు టీ మానేసి విన్నారు. సీతాపతికి తన ప్రశ్నలు తనకే కంఠతా వచ్చాయి. గోడకు కూడా మేలే జరిగింది. పూత పూశారు, రంగు వేశారు, పైన తీగ పాకించారు. తోట సంగతా? అది అడక్కండి. ఎండిన మొక్కకు డీ నోవో లేదు.

ఆ జడ్జిగారూ బదిలీ అయ్యాడు. మళ్లీ డీ నోవో! తాయారు కోర్టు మెట్ల మీద వకీలును నిలేసింది.

“ఆ మాటకు అర్థం ఏందో సరిగ్గా చెప్పు సార్.”

“ఇంతవరకు ఏమీ జరగనట్టే లెక్కమ్మా.”

“ఏమీ జరగనట్టేనా?”

“అంతే.”

“అట్లయితే సరి” అని ఆమె బస్సెక్కింది.

పట్టాభిరామన్ ఎవరి పెళ్లికో మద్రాసు పోయిన రోజు చూసి, తాయారు ఏలుమలైకి కబురంపింది. విషయం విని అతను నీళ్లు నమిలాడు.

“అక్కా, నేను సాక్షిని గదా!”

“ఎన్నిసార్లని చెప్తావు నాయనా సాక్ష్యం? ఈసారి చేసి చూపించు.”

ఏలుమలై పగలబడి నవ్వి, గడ్డపార అందుకున్నాడు. పొద్దుగుంకేలోగా సందు తెరుచుకుంది. తాయారు బిందెతో ఆ దారిన నడిచిపోయి నీళ్లు తోడింది. బతికున్న నాలుగు మొక్కలకూ పోసి, అక్కడే మట్టిలో కూలబడి కళ్లు తుడుచుకుంది.

పట్టాభిరామన్ వచ్చి చిందులు తొక్కాడు. పోలీసులు ఆయనకూ “సివిల్ మేటర్ సార్” అన్నారు. ఈసారి కేసు ఆయన వేశాడు. జడ్జిగారు తాయారును గద్దించాడు.

“కేసు నడుస్తుంటే గోడెందుకు కూల్చావు?”

“మొదటినుంచి అన్నారు గదయ్యా. మొదట్లో గోడ లేదు.”

జడ్జిగారికి దగ్గు వచ్చింది. రుమాలు అడ్డం పెట్టుకుని వాయిదా వేశాడు. వాయిదా రాకముందే ఆయనకూ బదిలీ వచ్చింది. ఆ తరవాతి మాట మీకు తెలిసిందే!

అప్పటిదాకా పట్టాభిరామన్‌కు డీ నోవోలో ఏ దోషమూ కనిపించలేదు. ఆ రోజు మాత్రం కోర్టు హాల్లో లేచి నిలబడి, “ఇదేం న్యాయం? మళ్లీ మొదలంటే ఎట్లా? మనిషి బతికుండగా తీర్పు రాదా?” అని కేకలేశాడు.

వెనక బెంచీలో కూర్చున్న తాయారు ఒళ్లో కనకాంబరాల బుట్ట సర్దుకుంది.

“కోర్టువారిని తొందర పెట్టకు సామీ, నిదానంగానే కానియ్” అంది.